ఉప్పు, రంగు, వజ్రం: ద్రావణి ధ్రువత్వం ఎంతవరకు చెబుతుంది?

పదో తరగతిలో రసాయన బంధం పాఠం చదివిన వాళ్లందరికీ ఒక సూత్రం గుర్తుంటుంది. అయానిక పదార్థాలు నీటిలాంటి ధ్రువ ద్రావణుల్లో కరుగుతాయి, సమయోజనీయ పదార్థాలు బెంజీన్, కిరోసిన్ లాంటి అధ్రువ ద్రావణుల్లో కరుగుతాయి. సూత్రం తప్పు కాదు. కానీ దాన్ని సూరత్ నగరానికి తీసుకెళ్లి ఒక్కో పేటలో పరీక్షిస్తే చాలాచోట్ల నిలవదు. వరాఛాలో సానబట్టే వజ్రం అచ్చమైన సమయోజనీయ పదార్థం. అది నీటిలోనూ కరగదు, బెంజీన్‌లోనూ కరగదు. సూరత్ జరీకి ప్రాణమైన వెండి క్లోరిన్‌తో కలిస్తే సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. అది లవణమే, అయినా నీటిలో కరగనట్టే. హజీరాలోని క్రిభ్‌కో కర్మాగారం తయారుచేసే యూరియాలో అయాన్లు లేవు. అయినా గది వేడిమిలో లీటరు నీటిలో కిలోకు పైగా కరుగుతుంది.

మినహాయింపులు ఇన్ని ఉన్నాయంటే సూత్రం వెనక ఉన్న అసలు లెక్కను బయటికి తీయాలి. ఏ పదార్థం ఏ ద్రావణిలో ఎందుకు కరుగుతుందన్న ప్రశ్న మీద నూట ముప్పై ఏళ్లుగా జరిగిన పనిని ఇక్కడ సమీక్షిస్తున్నాను. దానికి సూరత్‌ను ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఉప్పు, రంగు, పాలిస్టర్, వజ్రం దగ్గరదగ్గరగా దొరికే చోట్లు అరుదు. పైగా ఇది మనవాళ్ల ఊరు కూడా. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల తరాలుగా ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ బడుల్లో రసాయనశాస్త్రం చదివే పిల్లల ఇళ్లవాళ్ల చేతుల్లోనే పాలిస్టర్ చీర తయారవుతుంది. పాఠానికి కావలసిన ఉదాహరణలు వాళ్లకు అరచేతిలోనే ఉన్నాయి.

ఉప్పు ఎందుకు కరుగుతుంది?

సూరత్‌కు దక్షిణాన, నవ్‌సారి దగ్గర దండి ఉంది. 1930 ఏప్రిల్ 6న గాంధీ ఉప్పు చేతికి తీసుకున్నది ఆ తీరంలోనే. దేశంలో పండే ఉప్పులో మూడొంతులకు పైగా ఈనాటికీ గుజరాత్‌దే. ఉప్పు మడిలో జరిగేది కరగడానికి తిరుగుడు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆవిరైపోతుంటే కరిగి ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి అడుగుకు చేరతాయి. ముందు సున్నపురాయి, తర్వాత జిప్సం, ఆ తర్వాతే మనం తినే ఉప్పు. మెగ్నీషియం లవణాలు చివరిదాకా నీటిలోనే మిగులుతాయి. అన్నీ అయానిక పదార్థాలే, ద్రావణి కూడా ఒకటే. మరి ఈ వరస ఎక్కడిది?

లెక్కలోకి వెళ్దాం. ఒక మోల్ సోడియం క్లోరైడ్ స్ఫటికాన్ని విడివిడి అయాన్లుగా చీల్చాలంటే సుమారు 787 కిలోజౌళ్లు కావాలి. ఆ అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు దాదాపు 783 కిలోజౌళ్లు తిరిగి వస్తాయి. తేడా నాలుగు కిలోజౌళ్లు, అదీ నష్టంవైపే. అంటే శక్తి దృష్ట్యా చూస్తే ఉప్పు కరగడంలో లాభం లేదు. క్రమంగా పేర్చి ఉన్న అయాన్లు నీటిలో చెల్లాచెదురు కావడం వల్ల ఎంట్రోపీ పెరుగుతుంది. ఆ పెరుగుదలే కొద్దిపాటి నష్టాన్ని పూడుస్తుంది. బక్కెట్ నీటిలో యూరియా కలిపిన రైతుకు నీళ్లు చల్లబడటం తెలుసు. అక్కడా ఇదే లెక్క. కరగడమనేది రెండు పెద్ద సంఖ్యల మధ్య మిగిలే చిన్న తేడా. అందుకే ఒక్క గుణాన్ని చూసి దాన్ని ముందే చెప్పడం కష్టం.

ఆ 783 కిలోజౌళ్లు నీటికి ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు వచ్చిన తొలి జవాబు విద్యుత్తుది. 1880లలో స్వాంటే అరీనియస్ లవణాలు నీటిలో అయాన్లుగా విడిపోతాయని ప్రతిపాదించారు. 1893లో నెర్న్‌స్ట్, జె.జె. థామ్సన్ ఎవరికి వారుగా ఒకే మాట చెప్పారు: ద్రావణి రోధక స్థిరాంకం ఎంత ఎక్కువైతే అయాన్లు అంత తేలిగ్గా విడిపోతాయి. నీటికి ఈ స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర 78, టోలీన్‌కు 2.4. శూన్యంలో రెండు అయాన్ల మధ్య ఉండే ఆకర్షణ నీటిలో 78వ వంతుకు పడిపోతుంది. ఒకే ఆవేశమున్న ఒక ధన, ఒక ఋణ అయాన్ నీటిలో 0.7 నానోమీటర్ల దూరం జరిగితే చాలు, వేడిమి కదలిక వాటిని విడదీయగలదు. టోలీన్‌లో ఆ దూరం 23 నానోమీటర్లు. ఉప్పు అయాన్లు టోలీన్‌లో అంత దూరం జరిగే అవకాశమే లేదు.

ఈ వరసలో మన దేశం వారు ఒకరు ఉన్నారు. కలకత్తాలో పనిచేస్తున్న జ్ఞానచంద్ర ఘోష్ 1918లో, బలమైన లవణాలు నీటిలో పూర్తిగా విడిపోయే ఉంటాయని, వాటి ప్రవర్తనను నిర్ణయించేది అయాన్ల మధ్య మిగిలిన ఆకర్షణేనని వాదించారు. ద్రావణంలో అయాన్లు స్ఫటికంలోలా వరసలో ఉంటాయన్న ఆయన ఊహ నిలవలేదు. 1923లో డెబై, హ్యూకెల్ దాన్ని పక్కనబెట్టి కొత్త లెక్క కట్టారు. కానీ పూర్తి విభజన అన్న ఘోష్ మాట నిలిచింది. మన పాఠ్యపుస్తకాల్లో డెబై, హ్యూకెల్ పేర్లుంటాయి, ఘోష్ పేరు అరుదు. ఉండాల్సిన పేరది.

రోధక స్థిరాంకం ఎక్కడ చాలదు?

ఇంతవరకు కథ చక్కగా సాగింది. రోధక స్థిరాంకం పెద్దదైతే ఉప్పు కరుగుతుంది, చిన్నదైతే కరగదు. ఇప్పుడు కొలతలు చూద్దాం. గది వేడిమిలో కిలో నీటిలో సోడియం క్లోరైడ్ 360 గ్రాములు కరుగుతుంది. ఫార్మమైడ్ రోధక స్థిరాంకం 109, నీటికంటే ఎంతో ఎక్కువ. దానిలో కరిగే ఉప్పు మాత్రం 94 గ్రాములే. ఇంతకన్నా కళ్లు తెరిపించే పోలిక మరో మూడు ద్రావణులది. మిథనాల్, ఎసిటోనైట్రైల్, డైమిథైల్ ఫార్మమైడ్ (డీఎంఎఫ్)ల రోధక స్థిరాంకాలు 33కు, 37కు మధ్య ఉంటాయి. వాటిలో పెద్ద తేడా లేదు. కానీ కిలో మిథనాల్‌లో 14 గ్రాముల ఉప్పు కరుగుతుంది, డీఎంఎఫ్‌లో 0.4 గ్రాము, ఎసిటోనైట్రైల్‌లో 0.003 గ్రాము. ధ్రువత్వం దాదాపు ఒకటే అనుకున్న ద్రావణుల మధ్య తేడా నాలుగు వేల రెట్లు దాటింది.

ఈ నాలుగైదు అంకెలు ప్రతి కళాశాల తరగతి గోడ మీద ఉండాలని నా అభిప్రాయం. ధ్రువత్వం అనే పేరు కింద మనం కలిపేసిన రెండు వేర్వేరు సంగతులను అవి విడదీస్తాయి. మొదటిది, ద్రావణి మొత్తంగా ఆకర్షణను ఎంత పలచబరుస్తుందన్నది. రోధక స్థిరాంకం కొలిచేది దీన్నే. రెండోది, ఒక్కో ద్రావణి అణువు ఒక్కో అయాన్‌ను ఎంత గట్టిగా పట్టుకోగలదన్నది. సోడియం అయాన్‌ను పట్టుకోవడానికి ఎలక్ట్రాన్ జంటను అందించే ఆక్సిజనో, నత్రజనో కావాలి. డీఎంఎఫ్‌కు అది పుష్కలంగా ఉంది. క్లోరైడ్ అయాన్‌ను పట్టుకోవడానికి మాత్రం హైడ్రోజన్ బంధం ఇవ్వగల హైడ్రోజన్ కావాలి. నీటికి, మిథనాల్‌కు అది ఉంది. డీఎంఎఫ్‌కు, ఎసిటోనైట్రైల్‌కు లేదు. అక్కడ సోడియానికి చోటు దొరికినా క్లోరైడ్‌కు దొరకదు. ఒకటి లేకుండా రెండోది కరగలేదు.

అయాన్‌ను మారిస్తే ఫలితం మారిపోతుంది. ఎసిటోన్‌లో సోడియం క్లోరైడ్ కరగనట్టే లెక్క. సోడియం అయొడైడ్ మాత్రం వంద గ్రాములకు పదుల గ్రాముల లెక్కన కరుగుతుంది. అయొడైడ్ పెద్దది. దాని ఆవేశం పలచగా పరుచుకుని ఉంటుంది కనుక హైడ్రోజన్ బంధం కోసం అది అంతగా ఆరాటపడదు. స్ఫటికంలో దాని పట్టు కూడా తక్కువే. ఈ ఒక్క తేడా మీద ఆధారపడి 1910లో ఫింకెల్‌స్టైన్ ఒక చర్యను రూపొందించారు. ఎసిటోన్‌లో ఆల్కైల్ క్లోరైడ్‌కు సోడియం అయొడైడ్ కలిపితే కొత్తగా పుట్టిన సోడియం క్లోరైడ్ అడుగున పడిపోతుంది, చర్య ముందుకే సాగుతుంది. ఒకే కుటుంబానికి చెందిన రెండు లవణాలు ఒకే ద్రావణిలో ఇంత వేరుగా నడుచుకోవడాన్ని ధ్రువత్వం ఒక్కటే వివరించలేదు.

ఇప్పుడు ఉప్పు మడి వరసకు జవాబు దొరుకుతుంది. జిప్సంలో కాల్షియం, సల్ఫేట్ రెండూ రెండేసి ఆవేశాలు గలవి. స్ఫటికంలో పట్టు బలంగా ఉంటుంది. లీటరుకు రెండున్నర గ్రాముల లోపే కరుగుతుంది. బేరియం సల్ఫేట్ లీటరుకు రెండు, మూడు మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. బేరియం అయాన్ విషమైనా, ఎక్స్‌రేకు ముందు రోగికి ఆ లవణాన్ని తాగించగలగడం దీనివల్లే. అయితే మెగ్నీషియం సల్ఫేట్‌లోనూ రెండేసి ఆవేశాలే ఉన్నా అది నీటిలో బాగా కరుగుతుంది. మెగ్నీషియం అయాన్ చిన్నది. నీటి అణువులు దాన్ని బలంగా చుట్టుకుని, స్ఫటికం చీల్చడానికి పెట్టిన ఖర్చును తిరిగి రాబడతాయి. ఆవేశం పెరిగితే స్ఫటికం పట్టూ పెరుగుతుంది, నీటి పట్టూ పెరుగుతుంది. ఏది ఎక్కువ పెరిగిందన్నదే తేల్చాలి.

వెండి లవణాల సంగతి మరో రకం. సిల్వర్ ఫ్లోరైడ్ నీటిలో బాగా కరుగుతుంది. క్లోరైడ్ లీటరుకు రెండు మిల్లీగ్రాముల లోపే, అయొడైడ్ అంతకన్నా ఎంతో తక్కువ. ఫాజన్స్ 1923లో చెప్పినట్టు, వెండి అయాన్ పెద్ద ఋణ అయాన్ల ఎలక్ట్రాన్ మేఘాన్ని తనవైపు లాగి బంధానికి సమయోజనీయ స్వభావం తెచ్చిపెడుతుంది. అయానికం, సమయోజనీయం అని మనం గీసుకున్న గీత ప్రకృతిలో అంత స్పష్టంగా లేదన్నది ఇందులో తేలే సంగతి.

సమయోజనీయ పదార్థాల వైపు

అయాన్లు లేని అణువులకు ఈ గొడవ లేదనిపిస్తుంది. అక్కడ లెక్క మరింత సున్నితం. ప్రతి కరగడంలోనూ మూడు పనులుంటాయి: ద్రావితం అణువులను విడదీయడం, ద్రావణిలో వాటికి చోటు చేయడం, రెండింటి మధ్య కొత్త ఆకర్షణలు ఏర్పడటం. పంచదార నీటిలో విపరీతంగా కరగడానికి కారణం దాని అణువు నిండా ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు. అవి స్ఫటికంలో తమలో తాము కట్టుకున్న హైడ్రోజన్ బంధాలకు బదులు నీటితో కట్టుకుంటాయి. బెంజీన్‌కు ఆ వీలు లేదు, లీటరు నీటిలో రెండు గ్రాముల లోపే కరుగుతుంది. చిత్రమేమిటంటే, హైడ్రోకార్బన్ అణువును గది వేడిమిలో నీటిలో పెట్టడానికి శక్తి ఖర్చు పెద్దగా లేదు. ఖర్చంతా ఎంట్రోపీలో పడుతుంది. నీటి అణువులు తమ హైడ్రోజన్ బంధాలను కాపాడుకోవడానికి ఆ అణువు చుట్టూ మరింత క్రమంగా సర్దుకోవలసి వస్తుంది. 1945లో ఫ్రాంక్, ఇవాన్స్ ఎత్తిచూపిన ఈ సంగతి మీద చర్చ ఇప్పటికీ ఆగలేదు. నూనెను నీరు ద్వేషిస్తుందనడం పొరపాటు. నీరు తనను తాను వదులుకోలేకపోతుందనడమే సరి.

డయాక్సేన్ సూత్రానికి మరో సవాలు. దాని రోధక స్థిరాంకం 2.2, టోలీన్‌కన్నా తక్కువ. పాఠ్యపుస్తకం లెక్కన అధ్రువ ద్రావణి. కానీ అది నీటితో ఏ పాళ్లలోనైనా కలిసిపోతుంది. అణువులో ఎదురెదురుగా ఉన్న రెండు ఆక్సిజన్లు ఒకదాని ధ్రువత్వాన్ని మరొకటి రద్దుచేసుకున్నా, నీటి హైడ్రోజన్లను అందుకోవడంలో రెండూ సమర్థమే. బయటినుంచి కొలిచిన మొత్తం ధ్రువత్వం ఒకటి, అణువు లోపలి ప్రతి మూలకున్న సామర్థ్యం మరొకటి.

ఇలాంటి చిక్కులు తీర్చడానికి వచ్చిన కొలమానాలు చాలా ఉన్నాయి. జోయెల్ హిల్డెబ్రాండ్ ద్రావణి తన అణువులను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో ఒక పరామితిగా మార్చారు. అధ్రువ పదార్థాలకు అది బాగానే పనిచేసింది. 1967లో డెన్మార్క్‌లో చార్లెస్ హాన్సెన్ దాన్ని మూడు ముక్కలు చేశారు: సాధారణ వ్యాపన ఆకర్షణ, ధ్రువ ఆకర్షణ, హైడ్రోజన్ బంధం. రంగులు, పెయింట్లు, ప్లాస్టిక్‌ల పరిశ్రమ నేటికీ ఎక్కువగా నమ్ముకునేది దీన్నే. పాలిస్టర్‌కు ద్రావణి వెతకాలంటే కూడా ఇదే దారి చూపుతుంది. నీరు, పెట్రోల్ రెండూ పనికిరావు. ప్రయోగశాలలో దాన్ని ఫినాల్, టెట్రాక్లోరోఈథేన్ మిశ్రమంలో కరిగిస్తారు.

అన్నిటికన్నా అందమైన కొలమానం రంగుతో కొలిచేది. 1963లో జర్మనీలో డిమ్‌రోత్, రైఖార్ట్ ఒక రంగు అణువును ఎంచుకున్నారు. అది మిథనాల్‌లో ఎర్రగా, ఇథనాల్‌లో ఊదాగా, ఎసిటోన్‌లో ఆకుపచ్చగా కనిపిస్తుంది. ద్రావణి ఆ అణువును ఎంత గట్టిగా పట్టుకుంటే అది శోషించే కాంతి అంత ఎక్కువ శక్తి గలదవుతుంది. ఆ కొలమానంలో నీటికి 63, మిథనాల్‌కు 55, ఎసిటోనైట్రైల్‌కు 46, టోలీన్‌కు 34. రోధక స్థిరాంకం విడదీయలేని మిథనాల్‌ను, ఎసిటోనైట్రైల్‌ను ఇది విడదీసింది. కానీ ఇదీ పూర్తి జవాబు కాదు. ఫార్మమైడ్, మిథనాల్ ఈ కొలమానంలో దాదాపు పక్కపక్కనే ఉంటాయి. ఉప్పును మాత్రం ఫార్మమైడ్ ఆరు రెట్లకు పైగా ఎక్కువ కరిగిస్తుంది. అక్కడ మళ్లీ రోధక స్థిరాంకాన్నే ఆశ్రయించాలి. ఒక్క అంకెతో ధ్రువత్వాన్ని కొలవాలన్న ప్రయత్నం విఫలమైందనే నా నిర్ణయం. ఆ వైఫల్యం నుంచి మనం నేర్చుకున్నది చాలా ఉంది.

మిల్లులో ప్రతిరోజూ జరిగే మార్పిడి

పాండేసరా, సచిన్ ప్రాంతాల ప్రాసెస్ హౌస్‌లలో ఈ శాస్త్రం పుస్తకాల్లోకన్నా స్పష్టంగా కనిపిస్తుంది. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగులో అయాన్లుండవు. గది వేడిమిలో నీటిలో లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు కరగడమే గొప్ప. దాన్ని మెత్తగా నూరి, తేలి ఉండేలా చేసే మరో పదార్థంతో కలిపి నీటిలో తేలుస్తారు. జెట్ మెషిన్‌లో పీడనం కింద నీటిని 130 డిగ్రీలకు వేడిచేస్తారు. ఆ వేడికి రెండు సంగతులు జరుగుతాయి. పాలిస్టర్ గొలుసులు వదులై మధ్యలో ఖాళీలు ఏర్పడతాయి. నీటి రోధక స్థిరాంకం 78 నుంచి సుమారు 48కి దిగుతుంది, రంగు మరికాస్త కరుగుతుంది. కరిగిన ప్రతి అణువుకూ ఎదుట రెండు ద్రావణులుంటాయి: చుట్టూ నీరు, పక్కనే పాలిస్టర్. అది పాలిస్టర్‌ను ఎంచుకుంటుంది. గుడ్డ రంగు పట్టడమంటే ఇక్కడ ఒక ఘనపదార్థంలో రంగు కరగడమే. ఘనం కూడా ద్రావణి కాగలదన్నది చాలామంది విద్యార్థులకు చెప్పని సంగతి.

దారం పైపైన అంటుకుని మిగిలిన రంగును తీసేయాలంటే నీరు చాలదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ (సోడియం డైథయోనైట్) కలిపిన వేడినీటిలో కడుగుతారు. హైడ్రోస్ ఆ రంగు అణువును క్షయకరణం చేసి, విరిచో, నీటిలో కరిగే రూపంలోకి తెచ్చో వదిలిస్తుంది. నీలిమందు వాడిన పాతకాలం అద్దకంలోనూ ఇదే కిటుకు ఉంది. నీలి అణువు నీటిలో కరగదు. క్షారంలో దాన్ని క్షయకరణం చేస్తే అయాన్‌గా మారి కరుగుతుంది, దారంలోకి వెళ్తుంది, గాలి తగలగానే మళ్లీ కరగని నీలంగా మారి అక్కడే ఉండిపోతుంది. కడప నేలలో నీలి పండించిన రోజుల్లో తొట్టె దగ్గర పనిచేసిన వాళ్లకు సూత్రం తెలియకపోయినా పని తెలుసు.

జార్జెట్ చీరకు పట్టులాంటి జారుడు ఎలా వస్తుందో చూడండి. నేసిన పాలిస్టర్ గుడ్డను వేడి కాస్టిక్ సోడాలో ముంచి దాని బరువులో పదిహేను, ఇరవై శాతం దాకా తొలగిస్తారు. పాలిస్టర్ నీటిలో కరగదు కదా, ఆ బరువు ఎక్కడికి పోయింది? క్షారం దారం పైపొరలోని ఎస్టర్ బంధాలను తెంచి టెరిథాలిక్ ఆమ్లపు సోడియం లవణంగా మారుస్తుంది. అది అయానికం, నీటిలో కరిగి కొట్టుకుపోతుంది. ఆ నీటికి ఆమ్లం కలిపితే లవణం తిరిగి ఆమ్లంగా మారి తెల్లటి పొడిగా అడుగుకు చేరుతుంది. ఎందుకంటే టెరిథాలిక్ ఆమ్లం గది వేడిమిలో లీటరు నీటిలో 20 మిల్లీగ్రాములు కూడా కరగదు. ఒకే కార్బన్ అస్థిపంజరం, మూడు రూపాలు, మూడు రకాల కరగడం. ఈ ఒక్క తొట్టె చాలు, అయానిక, సమయోజనీయ తేడా మొత్తం చెప్పడానికి.

ఆ టెరిథాలిక్ ఆమ్లమే పాలిస్టర్‌కు ముడిసరుకు. దాన్ని తయారుచేసేవాటిలో హజీరాలోని రిలయన్స్ కర్మాగారం ఒకటి. ముడి ఆమ్లాన్ని శుద్ధిచేయడానికి పరిశ్రమ వాడే ద్రావణి ఏదంటే, ఆశ్చర్యం, నీరే. పీడనం కింద దాదాపు 280 డిగ్రీల వేడి నీరు. ఆ వేడిలో నీటి రోధక స్థిరాంకం ఇరవై పైచిలుకుకు దిగుతుంది. అంటే గది వేడిమిలోని ఎసిటోన్, ఇథనాల్ దరిదాపులకు. మామూలు నీటిలో కరగని ఆమ్లం అక్కడ హాయిగా కరుగుతుంది. ముడి ఆమ్లంలోని మలినాన్ని హైడ్రోజన్‌తో మార్చి, చల్లార్చితే ఆమ్లం స్ఫటికాలుగా వస్తుంది, మారిన మలినం నీటిలో ఉండిపోతుంది. ద్రావణిని మార్చకుండా దాని ధ్రువత్వాన్ని మాత్రమే మార్చి పని సాధించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నూలు గుడ్డకు వేసే రియాక్టివ్ రంగులు డిస్పర్స్ రంగులకు ఎదురు. రంగు అణువులో ఎక్కువ భాగం కార్బన్ వలయాలే. వాటికి తగిలించిన సల్ఫోనేట్ సమూహాలు దాన్ని నీటిలో కరిగే అయాన్‌గా మారుస్తాయి. అంత బాగా కరిగినది నీటిని వదిలి గుడ్డలోకి రాదు. పైగా నీటిలో నూలు పైభాగం ఋణావేశంతో ఉంటుంది, రంగు అయాన్ కూడా ఋణావేశమే. అందుకని తొట్టెలో లీటరుకు పదుల గ్రాముల చొప్పున ఉప్పో, గ్లాబర్స్ లవణమో కలుపుతారు. ఉప్పు అయాన్లు ఆ వికర్షణను కప్పేస్తాయి, రంగును నీటిలో ఉండనీయకుండా గుడ్డవైపు నెడతాయి. కానీ ఉప్పు గుడ్డకు అంటదు. కడిగిన నీటితోపాటు మొత్తం బయటికి పోతుంది.

ఇక్కడే శాస్త్రం ఊరి సమస్య అవుతుంది. కరగని రంగును అడుగున పడేయవచ్చు, వడగట్టవచ్చు. సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులు తింటాయి. కరిగిన ఉప్పును మాత్రం ఏ సూక్ష్మజీవీ తినదు, మామూలు శుద్ధి ఏదీ తీయలేదు. దాన్ని నీటి నుంచి విడదీయాలంటే అయాన్ల చుట్టూ ఉన్న నీటి పట్టుకు వ్యతిరేకంగా పనిచేయాలి. ఆర్వో పొర చేసేది అదే. తక్కువ రోధక స్థిరాంకం గల ఆ పొరలోకి వెళ్లాలంటే అయాన్ తన నీటి కవచాన్ని వదులుకోవాలి. అది చాలా ఖరీదైన పని కనుక అయాన్ ఇవతలే ఉండిపోతుంది, నీరు అవతలికి వెళ్తుంది. సూరత్ నగరపాలక సంస్థ బమ్రోలీ దగ్గర మురుగునీటిని ఇలా శుద్ధిచేసి పాండేసరా మిల్లులకు అందిస్తోంది. మంచి పని, దేశంలో మిగతా ఊళ్లు చూసి నేర్చుకోవలసిన పని. అయినా పొర ఇవతల మిగిలే చిక్కటి ఉప్పునీటిని ఏం చేయాలన్నది అన్ని అద్దకపు పట్టణాలకూ మిగిలే ఉంది. నదికి చేరనీయకుండా ఆవిరి చేయడం ఒక దారి, దానికి ఇంధనం కావాలి. మడిలో ఎండ ఉచితంగా చేసే పనిని మిల్లు బొగ్గుతో చేయాలి.

నీరే లేని అద్దకం ఒకటి ఉంది. జర్మనీలోని క్రెఫెల్డ్‌లో 1980ల చివరినుంచి అభివృద్ధి చేసిన పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్‌నే ద్రావణిగా వాడతారు. 31 డిగ్రీలు, 73 వాతావరణ పీడనాలు దాటితే అది వాయువులా పారుతూ ద్రవంలా కరిగిస్తుంది. సుమారు 120 డిగ్రీలు, 250 వాతావరణ పీడనాల దగ్గర డిస్పర్స్ రంగు దానిలో కరిగి పాలిస్టర్‌లోకి చేరుతుంది. పీడనం తగ్గించగానే ద్రావణి ఆవిరైపోతుంది, తడి లేదు, వ్యర్థజలం లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన డైకూ సంస్థ ఆ యంత్రాలను మార్కెట్‌కు తెచ్చింది. అధ్రువ ద్రావణి, అయాన్లు లేని రంగు, పాలిస్టర్: సూత్రం ఇక్కడ అచ్చంగా సరిపోయింది. రియాక్టివ్ రంగుకు మాత్రం ఈ దారి మూసి ఉంది. అయాన్లను కార్బన్ డయాక్సైడ్ దరిచేరనీయదు. పాలిస్టర్ నగరమైన సూరత్‌కు ఇది సహజంగా నప్పే పద్ధతి. అడ్డుపడుతున్నది యంత్రం ఖర్చే.

వజ్రం మాటేమిటి?

వజ్రాన్ని ఆమ్లంలో మరిగించి మలినాలు తీస్తారు, రాయి చెక్కుచెదరదు. దానిలో విడదీయడానికి అణువులు లేవు, రాయి మొత్తం ఒకే అణువు. ఒక్క కార్బన్‌ను బయటికి తీయాలన్నా నాలుగు బంధాలు తెంచాలి. ఏ ద్రావణి ఆకర్షణా ఆ ఖర్చును భరించలేదు. అందుకే దాన్ని అరగదీయడానికి వజ్రపు పొడే వాడతారు. అయితే వజ్రానికి ద్రావణి అసలే లేదనడం తప్పు. కరిగిన ఇనుము, నికెల్, కోబాల్ట్ లోహాలు కార్బన్‌ను కరిగించుకుంటాయి. 1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రాలు పుట్టింది అలాంటి ద్రావణంలోనే. యాభై వేల వాతావరణ పీడనాలకు పైన, 1,400 డిగ్రీల చుట్టుపక్కల గ్రాఫైట్ లోహంలో కరిగి వజ్రంగా స్ఫటికీకరిస్తుంది. లోహానికి ధ్రువత్వం అనే కొలమానమే వర్తించదు. అది కార్బన్‌తో నేరుగా బంధం కట్టి కరిగిస్తుంది. ఈ పద్ధతిలోనూ, వాయువు నుంచి పొరలుగా పెంచే పద్ధతిలోనూ తయారైన వజ్రాలు ఇప్పుడు సూరత్ బజారులో గనుల వజ్రాలతో పోటీపడుతున్నాయి.

కాబట్టి పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని కొట్టేయనక్కర్లేదు, దాని హద్దులు చెప్పాలి. ఏది కరుగుతుందన్న ప్రశ్నకు నాలుగు ఉపప్రశ్నలున్నాయి. ద్రావితం తనను తాను ఎంత గట్టిగా పట్టుకుంది? ద్రావణి తనను తాను ఎంత పట్టుకుంది? రెండూ ఒకదాన్నొకటి ఏ రకంగా పట్టుకోగలవు? చెదిరిపోవడం వల్ల ఎంట్రోపీ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది? ధ్రువత్వం ఇందులో మూడోదానికి సగం జవాబు మాత్రమే.

రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు, సూరత్‌లోని తెలుగు బడుల్లో ఉన్నవారికైనా, మన రెండు రాష్ట్రాల్లో ఉన్నవారికైనా, నా విన్నపం ఇది. ఈ ఏడాది రసాయన బంధం పాఠానికి వచ్చినప్పుడు అయిదు పదార్థాలు తెప్పించండి: ఉప్పు, పంచదార, యూరియా, సుద్దముక్క, కలరా ఉండ. మూడు ద్రావణులు చాలు: నీరు, స్పిరిట్, కిరోసిన్. స్పిరిట్, కిరోసిన్ ఉన్నచోట మంట లేకుండా చూసి, పదిహేను గాజు గొట్టాల్లో పిల్లల చేతే కలిపించి, ఫలితాలను వాళ్ల చేతే పట్టిక వేయించండి. సూత్రం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పిందో వాళ్లనే గుర్తుపట్టనివ్వండి. తప్పిన గడుల దగ్గర ఎందుకని అడగండి, జవాబు వెంటనే చెప్పకండి.